అల ఎవరిది? సర్ఫింగ్ మర్యాదల్లో కొన్ని విశేషాలు

కుందూ ఎర్రమల కొండల్లో పుట్టి, నంద్యాల పక్కగా పారి, కోవెలకుంట్ల దాటి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఆళ్లగడ్డ వక్కిలేరుదీ చివరికి అదే దారి. పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలోకి దిగుతుంది. నల్లమలకు ఇవతల, సముద్రానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నా మన నంద్యాల వైపు ఊళ్ల వాననీరు చేరేది ఆ తీరపు అలల్లోకే. నదులు మోసుకెళ్లిన ఇసుక సముద్రం అంచున మేటలు వేస్తుంది. నీళ్ల కింద ఆ మేటలు ఎలా పరుచుకున్నాయన్న దాన్ని బట్టి అల ఎక్కడ విరగాలో తేలుతుంది. బోర్డు మీద అలల వెంట జారే ఆట సర్ఫింగ్. దాని మర్యాదలన్నీ ఆ విరిగే చోటు చుట్టూ అల్లుకున్నవే.

చదువులకూ ఉద్యోగాలకూ చెన్నై, విశాఖ వెళ్లిన మన పిల్లలు సెలవు దొరికితే కోవళంలోనో రుషికొండలోనో బోర్డు అద్దెకు తీసుకుని నీళ్లలోకి దిగుతున్నారు. బోర్డు మీద నిలబడటం ఎవరైనా నేర్పుతారు. ఎవరికి దారి ఇవ్వాలో మాత్రం ఇంటి దగ్గరే తెలుసుకుని వెళ్లడం మేలు. ఆ నీళ్లలో పోలీసు ఉండడు, గీతలు ఉండవు, సిగ్నల్ లైటు ఉండదు. ఉన్నదంతా అక్కడివాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మాటే.

విరిగే చోటికి దగ్గరున్నవారిదే హక్కు

మంచి అల ఒక్కసారిగా బారుగా విరిగి పడదు. ఒక చోట మొదలై, చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటిగా విడివడినట్టు పక్కకు విప్పుకుంటూ పోతుంది. సర్ఫర్ వెనక నురగ తరుముకొస్తుంటే, ముందున్న నున్నటి నీటి గోడ మీద జారుతూ వెళ్తాడు. అల ఎక్కడ విరగడం మొదలైందో అక్కడికి అందరికంటే దగ్గరగా ఉన్నవారిదే ఆ అల. పక్కన పదిమంది ఉన్నా ఆగిపోవాలి. ఒక అలకు ఒక మనిషి. సర్ఫింగ్‌లో మొదటి సూత్రం ఇదే. మిగతా సూత్రాలన్నీ దీన్నుంచి పుట్టినవే.

ఈ హక్కు అతనికే ఎందుకు? అతని వెనక కూలిపోతున్న నీరు ఉంది. వెనక్కి వెళ్లలేడు, ఆగలేడు. తెరిచి ఉన్నది ఎదుటి దారి ఒక్కటే. అల భుజం మీద, అంటే ఇంకా విరగని వైపు, ఉన్నవాడికి అలాంటి ఇబ్బంది లేదు. చేతులతో నీళ్లు తోయడం ఆపేస్తే చాలు, అల అతని కిందుగా దాటిపోతుంది. ఆగడమూ తప్పుకోవడమూ ఎవరికి కష్టమో వారికే ముందు దారి. ఈ ఒక్క ముక్క మనసులో ఉంటే, రూలు చెప్పని సందర్భంలో కూడా ఏం చేయాలో తోస్తుంది.

హక్కున్నవాడి ఎదుట అల మీదికి దిగడాన్ని సర్ఫర్లు 'డ్రాప్ ఇన్' అంటారు. ఈ ఆటలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. తెలియక చేస్తే వెంటనే అల మీద నుంచి పక్కకు తప్పుకుని, తర్వాత ఆ మనిషి దగ్గరికి వెళ్లి క్షమించమని అడగాలి. ఎంత అనుభవం ఉన్నవారైనా అలాగే అడుగుతారు.

ఒకే అల మీద ఇద్దరు

అల మధ్యలో విరగడం మొదలై రెండు వైపులా విప్పుకుంటే, ఒకరు ఎడమకూ ఒకరు కుడికీ వెళ్లొచ్చు. అందుకే అల ఎక్కేముందు 'లెఫ్ట్' అనో 'రైట్' అనో గట్టిగా కేక వేస్తారు. ఇక్కడ తెలియనివాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. ఎడమ, కుడి అనేవి అల మీద ఒడ్డు వైపు ముఖం పెట్టి వచ్చే సర్ఫర్‌వి. ఒడ్డున నిలబడి చూసేవారికి అవి తారుమారు. ఇసుకలో కూర్చుని చూస్తున్న తండ్రికి కుడివైపు పోతున్నట్టు కనిపించే కూతురు, తన లెక్కలో 'లెఫ్ట్' వెళ్తోంది.

మూడడుగుల అల, నాలుగడుగుల నీళ్లు

అల విరగడానికి లోతే కారణం. అడుగు నేల దగ్గరపడే కొద్దీ అల కింది భాగం నెమ్మదిస్తుంది, పై భాగం ముందుకు తూలుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అంటే మూడడుగుల అల నాలుగడుగుల నీళ్లలో విరుగుతుందన్నమాట. అక్కడ తలకిందులుగా దూకితే మెడకు ప్రమాదం. పడేటప్పుడు వీపు మీదో పక్కకో పడాలనీ, చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలనీ మొదటి పాఠంలోనే చెప్పేది ఇందుకే.

గాజులపల్లె దాటాక ఇదే రూలు

నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరు వెళ్లే ఘాట్ రోడ్డులో ఎదురెదురుగా రెండు లారీలు వచ్చి, ఇద్దరికీ చోటు చాలకపోతే ఎవరు ఆగాలి? దిగేవాడే ఆగాలి. ఎక్కేవాడికే ముందు దారి. ఇది డ్రైవర్ల మధ్య ఆనవాయితీ మాత్రమే కాదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనూ, అంతకుముందు 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనూ రాసి ఉంది. బరువుతో ఎక్కుతున్న బండి ఎత్తు మీద ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం కూడా ఉంది.

సముద్రం మీద ఓడలకూ ఇదే తీరు. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఇంజను ఓడ తెరచాప పడవకు దారి ఇవ్వాలి. వలలు వేసి చేపలు పడుతున్న పడవకు ఆ రెండూ దారి ఇవ్వాలి. అదుపు తప్పి కొట్టుకుపోతున్న ఓడకు అందరూ దారి ఇవ్వాలి. ఎవరి చేతిలో ఎక్కువ శక్తి ఉందో వారి మీదే ఎక్కువ బాధ్యత.

ఆ ఘాట్ పక్కనే చెలమ, బొగద, దిగువమెట్టల మీదుగా పోయే రైలు దారి సంగతి వేరు. ఒంటి లైను ఉన్న చోట ఇద్దరికీ ఒకేసారి చోటే ఉండదు. మన దేశంలో ఇలాంటి లైన్ల మీద చాలాకాలం నీల్స్ బాల్ టోకెన్ అనే యంత్రాలు వాడారు. స్టేషన్ మాస్టర్ యంత్రంలోంచి ఒక ఇనుప గుండు తీసి, సంచిలో పెట్టి డ్రైవర్‌కు అందించేవాడు. ఆ గుండు చేతిలో ఉన్న బండిదే తర్వాతి స్టేషన్ దాకా దారి. అది చేరేదాకా రెండో గుండు బయటికి రాదు. సర్ఫర్‌కు ఆ గుండు లేదు. తన చోటును తానే చూసుకుని, ఎదుటివారి చోటును ఒప్పుకోవాలి.

నీళ్లలోకి వెళ్లేవాడు నురగలోకి

కొత్తవారికి బొత్తిగా తెలియని సూత్రం ఇది. ఒకరు అల మీద వస్తున్నారు, మీరు బోర్డు మీద బోర్లా పడుకుని లోపలికి వెళ్తున్నారు. తప్పుకోవాల్సింది మీరే. ఎటు తప్పుకోవాలన్నది అసలు ప్రశ్న. మనసు నున్నటి నీటి వైపు లాగుతుంది, అటైతే సులువుగా దాటొచ్చని. కానీ అతను వస్తున్నది ఆ నున్నటి నీటి మీదుగానే. కాబట్టి అతని వెనక వైపుకు, నురగ విరుచుకుపడే వైపుకే వెళ్లాలి. నురగ మీద పడుతుంది, నాలుగు మునకలు తప్పవు, నాలుగు గజాలు వెనక్కి కొట్టుకొస్తారు. అయినా అటే వెళ్లాలి. ఎదుటివారి దారిని కాపాడటానికి కష్టం తన మీద వేసుకోవడం ఇక్కడి పద్ధతి. సర్ఫింగ్ మర్యాదల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

అసలు ఈ చిక్కే రాకుండా, అలలు విరగని లోతైన కాలువ లాంటి చోటు చూసుకుని చుట్టూ తిరిగి వెళ్లడం అనుభవజ్ఞుల అలవాటు. అలల నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. ఈత రానివారిని లోపలికి లాక్కుపోయేదీ ఆ ప్రవాహమే. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఏటా ప్రాణాలు తీసేదీ అదే. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి.

చుట్టూ తిరిగి ముందుకు దూరడం

హక్కు విరిగే చోటికి దగ్గరున్నవారిది కదా అని, వరసగా ఎదురుచూస్తున్నవారిని దాటి, చుట్టూ తిరిగి వెళ్లి సరిగ్గా ఆ చోట కూర్చుంటే? రూలు మాట నిలబడినట్టే కనిపిస్తుంది, మర్యాద మాత్రం పోతుంది. దీన్ని 'స్నేకింగ్' అంటారు. అప్పుడే అల మీద వెళ్లి వచ్చినవారు వెనకగా వచ్చి, మిగతావారి వంతు అయ్యేదాకా ఆగాలి.

రాజుల అలలు

సర్ఫింగ్‌కు పుట్టిల్లు పాలినీషియా దీవులు. అది బాగా పెంపొందింది హవాయిలో. అక్కడ ఒకప్పుడు అల ఎవరిదన్నది పుట్టుకను బట్టి తేలేది. 'కపు' అనే నిషేధాల వ్యవస్థ కింద కొన్ని తీరాలు, కొన్ని అలలు దొరల వంశాలకే. వారి బోర్డులు కూడా వేరు. 'ఓలో' అనే పొడవాటి బోర్డు దొరలది, 'అలాయా' అనే పొట్టి బోర్డు సామాన్యులది. కపు దాటితే శిక్ష ప్రాణం దాకా వచ్చేది. 1819లో హవాయి పాలకులే ఆ వ్యవస్థను రద్దు చేశారు.

ఆ తర్వాత వచ్చిన మిషనరీల కాలంలో ఆట దాదాపు మరుగున పడింది. 20వ శతాబ్దం మొదట్లో వైకీకీ తీరంలో మళ్లీ లేచింది. దాన్ని ప్రపంచానికి చూపించినవాడు డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన మనిషి. ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు సిడ్నీ ఫ్రెష్‌వాటర్ తీరంలో సర్ఫింగ్ చేసి చూపాడు. ఇవాళ్టి రూలులో దొర, బంటు తేడా లేదు. కోవళం జాలరి పిల్లవాడు సరైన చోట ఉంటే, కోటీశ్వరుడు ఆగాల్సిందే. వంశం నుంచి చోటుకు మారిన ఈ హక్కు నాకు చిన్న విషయంగా కనిపించదు.

కాలికి కట్టిన తాడు

బోర్డుకూ కాలికీ కట్టే తాడును లీష్ అంటారు. 1970ల మొదటిదాకా అది లేదు. పడితే బోర్డు ఒడ్డుకు కొట్టుకుపోయేది, మనిషి ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకునేవాడు. అందుకే ఈత బాగా వచ్చినవారే లోపలికి వెళ్లేవారు. కాలిఫోర్నియాలోని సాంటాక్రూజ్‌లో పాట్ ఓనీల్ తొలి తాళ్లతో ప్రయోగాలు చేశాడు. చలినీళ్ల దుస్తులతో పేరు తెచ్చుకున్న జాక్ ఓనీల్ అతని తండ్రి. 1971లో సాగే తాడు వెనక్కి లాగిన బోర్డు తగిలి జాక్ ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత జీవితమంతా నల్ల పట్టీతోనే కనిపించాడు.

తాడు వచ్చాక ఒక కొత్త దురలవాటు వచ్చింది. పెద్ద అల ఎదురైతే బోర్డు వదిలేసి కిందికి మునగడం. తొమ్మిదడుగుల బోర్డుకు తొమ్మిదడుగుల తాడు ఉంటే, వదిలేసిన బోర్డు మీ వెనకాల పద్దెనిమిది అడుగుల మేర ఎవరికైనా తగలొచ్చు. వెనక మనిషి ఉన్నాడా లేడా చూడకుండా బోర్డు వదలకూడదు. తాడు ఉన్నా బోర్డును చేత్తోనే పట్టుకోవాలి.

కాలువ చివరి పొలం, పొడవు బోర్డు

నీళ్లలో ముందు ఎవరు అన్న ప్రశ్న నంద్యాల వారికి కొత్త కాదు. కర్నూలు-కడప కాలువ 1863, 1870 మధ్య తవ్వినది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని, నంద్యాల ప్రాంతం మీదుగా 300 కిలోమీటర్లకు పైగా సాగి కడప చేరుతుంది. మొదట్లో 3000 క్యూసెక్కుల నీటికి రూపొందించారు. తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. ఆ ఆలోచన వెనక ఉన్నది సర్ ఆర్థర్ కాటన్. సేద్యానికీ పడవల రవాణాకూ కలిపి తలపెట్టిన కాలువ ఇది. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు మాత్రం 1930ల దాకా తిరిగాయి. ఇవాళ ఆ గట్టు మీద నడిచే కుర్రవాళ్లలో ఒకప్పుడు ఇక్కడ పడవ ప్రయాణం ఉండేదని ఎంతమంది విన్నారో!

కాలువలో పైన ఉన్న పొలానికి నీళ్లు ముందు తగులుతాయి. తూము తెరిస్తే చాలు. చివరి ఆయకట్టు రైతు ఆకాశం వైపో, నీళ్లు వదిలే లస్కర్ వైపో చూడాలి. మైదుకూరు, చాపాడు, ఖాజీపేట వైపు రైతుల మొర ఇదే. అందుకే నీళ్లు తక్కువైనప్పుడు వంతుల వారీగా వదులుతారు. కొన్ని రోజులు పై తూములు మూసి కిందికి పంపుతారు. 1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ఈ పంపకాన్ని నీటి వినియోగదారుల సంఘాల చేతికి ఇచ్చింది. ఆ సంఘాలు ఎంత బాగా నడిచాయన్నది ఊరికో కథ. ఉద్దేశం మాత్రం సరైనది. పైన ఉండటం అనే అదృష్టాన్ని హక్కుగా మార్చుకోకూడదు.

సముద్రంలో ఆ పైపొలం ఎవరిదంటే, పొడవు బోర్డు ఉన్నవారిది. తొమ్మిదడుగుల బోర్డు తేలికగా తేలుతుంది, వేగంగా సాగుతుంది. దాని మీదున్నవారు లోపల దూరంగా కూర్చుని, అల ఇంకా నిటారుగా లేవకముందే ఎక్కేయగలరు. పొట్టి బోర్డు మీదున్నవారు అల విరిగే ముందు క్షణందాకా ఆగాలి. అప్పటికే అల మీద ఉన్నవారి ఎదుట దిగకూడదు కాబట్టి, రూలు ప్రకారం చూస్తే ముందు ఎక్కిన పొడవు బోర్డుదే అల. ప్రతి అలా అలాగే తీసుకుంటే ఒడ్డుకు దగ్గరగా ఉన్నవారికి పొద్దంతా ఒక్కటీ మిగలదు. అందుకని కొన్ని అలలను కావాలనే వదిలేయడం పొడవు బోర్డు వారి మర్యాద. రూలు ఇచ్చినదంతా తీసుకోకపోవడం అన్నమాట. చట్టంలో లేని ఈ భాగమే నీళ్లలో ఎవరు పెద్దమనిషో చెబుతుంది.

పోటీలో మాత్రం వంతు

పోటీల్లో వేరే పద్ధతి. ఇద్దరు పోటీపడే పందెంలో ఒకరు మొదటి అల తీసుకున్నాక, రెండోవారికి 'ప్రయారిటీ' వస్తుంది. అంటే తర్వాతి అల కావాలో వద్దో చెప్పుకునే హక్కు. ఆ హక్కున్నవారు ఏ అల కోసం ప్రయత్నించినా ఎదుటివారు అడ్డు రాకూడదు. ప్రయత్నించి అందుకోలేకపోయినా హక్కు పోతుంది. ఇద్దరూ అలలు తీసుకున్నాక, ఎవరు ముందుగా లోపలి చోటుకు తిరిగి చేరితే హక్కు వారిదే. ఒడ్డున రంగు పలకలతో అది ఎవరిదో చూపిస్తారు. రెండు మంచి అలల మార్కులు కలిపి ఫలితం చెబుతారు. హక్కున్నవారికి అడ్డం వస్తే రెండో అల మార్కు సున్నా.

2019 డిసెంబరులో హవాయి పైప్‌లైన్ తీరంలో బ్రెజిల్ దిగ్గజం గాబ్రియేల్ మెదీనా ఈ శిక్షను లెక్కగట్టి మరీ వాడుకున్నాడు. ఆఖరి క్షణాల్లో హక్కున్న కైయో ఇబెల్లీ ఎదుట కావాలనే అల మీదికి దిగాడు. తన రెండో అల పోయినా, మిగిలిన ఒక్క అల మార్కే ఇబెల్లీ మొత్తాన్ని దాటుతుందని అతనికి తెలుసు. ఆ పందెం గెలిచాడు. రూలుపుస్తకం ప్రకారం అది గెలుపే, కాదనలేం. నాకు మాత్రం ఆ గెలుపు రుచించలేదు. అదే పోటీ ఫైనల్లో ఇతాలో ఫెరీరా చేతిలో మెదీనా ఓడాడు. ఆ ఏటి ప్రపంచ టైటిల్ ఫెరీరాదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ తొలిసారి చేరినప్పుడు పురుషుల స్వర్ణమూ అతనిదే, మహిళల్లో హవాయి అమ్మాయి కరిస్సా మూర్‌ది.

 

స్థానికులు, సొంతదారులు

కొత్త తీరానికి వెళ్లినప్పుడు నేరుగా నడిమధ్యకు దూరకుండా, కాసేపు ఒడ్డున కూర్చుని అక్కడివారి తీరు చూడటం మర్యాద. స్థానికులకు రాళ్లు ఎక్కడున్నాయో, ఏ గాలికి నీరు ఎటు లాగుతుందో తెలుసు. ఆ గౌరవం వారికి ఇవ్వాల్సిందే. కానీ దాన్ని సొంతదారీ హక్కుగా మార్చుకున్న చోట్లూ ఉన్నాయి. కాలిఫోర్నియా లునాడా బేలో బయటివారిని బెదిరించి తరిమే ముఠా మీద 2016లో కోర్టులో దావా పడింది. ఆ ఏడే, తీరంలో వారు కట్టుకున్న రాతి అడ్డాను నగరపాలకులు కూల్చేశారు. 1966 ప్రపంచ విజేత నాట్ యంగ్‌ను 2000లో ఆస్ట్రేలియా అంగూరీలో, తానుండే తీరంలోనే మరో సర్ఫర్ కొడితే ముఖం ఎముకలు విరిగాయి. నీళ్లలో పెరుగుతున్న కోపం మీద ఆయన తర్వాత పుస్తకమే తెచ్చాడు.

మన దేశంలో ఈ విషయంలో సుప్రీంకోర్టు మాట స్పష్టంగా ఉంది. 1996 డిసెంబరులో ఎం.సి. మెహతా, కమల్ నాథ్ కేసు తీర్పులో సముద్రతీరం, పారే నీళ్లు, గాలి, అడవులు ప్రజలందరివనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ చెప్పింది. బియాస్ నది ఒడ్డు గురించి వచ్చిన కేసు అది. కుందూకూ వర్తిస్తుంది, రుషికొండకూ వర్తిస్తుంది.

అన్ని హక్కులకూ పైన ప్రాణం

ఎవరైనా మునుగుతుంటే అల ఎవరిదన్న లెక్క అక్కడితో ఆగిపోతుంది. 1925 జూన్‌లో కాలిఫోర్నియా కరోనా డెల్ మార్ దగ్గర 'థెల్మా' అనే పడవ అలల్లో తిరగబడినప్పుడు, డ్యూక్ కహనమోకు తన బోర్డు మీద మళ్లీ మళ్లీ వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. రక్షకుల చేతికి సర్ఫ్‌బోర్డు రావడానికి ఆ సంఘటన ఒక పెద్ద కారణం.

హవాయి వైమేయా తీరంలో పెద్ద అలలు వస్తేనే జరిగే పోటీ ఒకటుంది. అక్కడ తొలి లైఫ్‌గార్డుగా పనిచేసి, 1978లో సముద్రంలో సాయం కోసం వెళ్లి తిరిగిరాని ఎడ్డీ ఐకావు పేరిట జరుగుతుంది. అలలు సరిపోక ఏళ్ల తరబడి జరగదు. 2023 జనవరిలో జరిగినప్పుడు గెలిచినది ల్యూక్ షెపర్డ్‌సన్. ఆ రోజు ఆ తీరంలో డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు! విరామం తీసుకుని పోటీలో పాల్గొని, మళ్లీ కాపలాకు వెళ్లాడు.

ఇలాంటి కాపలాదారులు మన తెలుగువారిలోనూ ఉన్నారు. ఒడిశా పూరీ తీరంలో యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించే నోలియాలు తెలుగు మాట్లాడే మత్స్యకారులు. శంకువు ఆకారపు టోపీతో కనిపిస్తారు. పెంటకట వారి వాడ. దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప మీద, విరిగే అలలను దాటి వేటకు వెళ్లడం వారికి తరతరాల విద్య. అలలు గుంపులు గుంపులుగా వస్తాయనీ, గుంపుకూ గుంపుకూ మధ్య కాస్త సందు దొరుకుతుందనీ, ఆ సందులోనే తెప్ప తోయాలనీ వారికి ఏ బడిలోనూ చెప్పలేదు. ఇవాళ సర్ఫింగ్ బడిలో నేర్పే తొలి పాఠాల్లో అదొకటి.

అలల కబురు హైదరాబాద్ నుంచి

దేశంలో ఏ తీరానికి ఎంత అల వస్తుందో చెప్పే సంస్థ సముద్రానికి దూరంగా, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. 1999లో మొదలైన ఇన్‌కాయిస్ అది. సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెలువడతాయి. మన తీరాన్ని తాకే పొడవాటి అలలు చాలావరకు దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టినవి. 14 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలల గుంపు లోతు నీటిలో గంటకు 39 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. 6000 కిలోమీటర్లు రావడానికి ఆరు రోజులు దాటుతుంది. ఇక్కడ గాలి లేకుండా, ఎండ కాస్తున్నప్పుడు కూడా ఒడ్డును అల ముంచెత్తడానికి కారణం ఇదే. 2024 మే మొదటి వారంలో కేరళ, దక్షిణ తమిళనాడు తీరాలకు ఇన్‌కాయిస్ ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. నంద్యాలలో బస్సు ఎక్కేముందే ఆ వారం అలల సూచన ఫోనులో చూసుకోవచ్చు.

మన దేశంలో ఈ ఆట

కర్ణాటక తీరంలోని ముల్కిలో 2004 ప్రాంతంలో మొదలైన మంత్ర సర్ఫ్ క్లబ్, చెన్నై దగ్గర కోవళంలో జాలరి కుటుంబం నుంచి వచ్చిన మూర్తి మేగవన్ చేతుల మీద పెరిగిన సర్ఫింగ్ బడి ఈ ఆటకు మన దగ్గర నిలిచే చోటు ఇచ్చాయి. 2011లో సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత విభాగంలో భారత్‌కు వచ్చిన తొలి పతకం అది. మన రాష్ట్రంలో రుషికొండ తీరానికి, శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది.

అలివి వల లాగుతుంటే

సర్ఫింగ్ పుస్తకాల్లో కనిపించని, మన తీరాలకే చెందిన సూత్రం ఒకటుంది. మన తీరపు పల్లెల్లో అలివి వల వేస్తారు. పడవ మీద వలను అర్ధచంద్రాకారంలో లోపలికి తీసుకెళ్లి దింపి, రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. ఒడ్డు మీద ఆ రెండు గుంపుల మధ్య దూరం చాలా ఉంటుంది, తాడు నీళ్ల కింద కనిపించదు. మధ్యలో నీళ్లు ఖాళీగా, అలలు చక్కగా కనిపిస్తాయి. అక్కడికి బోర్డుతో దిగకూడదు. చేపలు బెదిరిపోతాయి, రెక్కల్లాంటి ఫిన్‌లు వలను చీలుస్తాయి, తాడు కాలికి చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు. రెండు తాళ్ల బయట, దూరంగా, వారు చెప్పిన వైపు దిగాలి. వల ఒడ్డుకు చేరడానికి గంటలు పట్టినా ఆగాలి. ఇంకా మంచి పని, బోర్డు ఇసుకలో పెట్టి, వారిని అడిగి తాడు ఒక చెయ్యి పట్టడం.